అంచు లేని చీరలు

వదిన పోయిన సంగతి వినగడప వైపు నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు చెప్పాడు. తిరువూరులో మా ఇంటి ముందు బస్సాపించి, ఫుట్‌బోర్డు మీద నుంచే, "టీచరమ్మగారూ, మీ వదినగారు తెల్లారుజామున పోయారండీ" అన్నాడు. "నీకెవరు చెప్పారు?" అన్నాను. "వాళ్లబ్బాయేనండీ, తోట దగ్గర నిలబడి చెప్పాడు" అన్నాడు. అప్పుడు నమ్మాను. చావు కబురుకు ఆరా తీయడమేమిటని మీరనుకోవచ్చు. అది నా అలవాటు కాదు, వదినది. ఇన్నేళ్ల స్నేహంలో నాకూ అంటుకుంది.

ఆవిడ మా అన్నయ్య భార్య. అన్నయ్య బళ్లో పాఠాలు చెప్పేవాడు, ఆవిడ మామిడితోట చూసుకునేది. ఇద్దరిలో ఎవరి మాట ఎక్కువ చెల్లేదో చెప్పనక్కర్లేదు. ఏ వస్తువైనా ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియందే ఆవిడకు ముద్ద దిగేది కాదు. పాలు ఏ గేదెవి, మిరపకాయ ఎవరి చేలోది, అన్నీ పెళ్లి సంబంధానికి వాకబు చేసినట్టు అడిగేది. ఒకసారి మా ఇంట్లో వంకాయకూర నోట్లో పెట్టుకుని, "విస్సన్నపేట సంతదా?" అంది. అవునన్నాను. "అనుకున్నాలే" అని కంచంలో ఓ పక్కకు నెట్టింది. ఇలాంటి మనిషితో చుట్టరికం అంత తేలికేమీ కాదు.

అప్పట్లో మా వైపు మామిడికాయంతా లారీ దగ్గర ఒకే రాశిగా పోసేవారు. ఎవరో ముదరని కాయ కోసి కలిపితే, అక్కడెక్కడో నాగపూర్‌లో అది పండకుండానే కుళ్లేది. "తిరువూరు కాయ మంచిది కాదు" అనే మాట మాత్రం అందరికీ సమానంగా వచ్చేది. వదినకు ఈ సమానత్వం నచ్చలేదు. ఎవరి కాయ వాళ్ల గంపలోనే కట్టాలని, గంప మూతికి ఆ ఇంటి పాతచీర పీలిక ముడివేయాలని పట్టుబట్టింది. మగవాళ్లు నవ్వారు. ఆడవాళ్లు తమ చీరలు నాగపూర్ చూసొస్తాయని సరదాపడ్డారు. మొత్తానికి పద్ధతి నిలిచింది.

నాలుగైదేళ్ల కిందట, కాయ మంచి ఊపులో ఉండగా, కాయ కొనే వ్యాపారి గుమాస్తా ఒక పీలిక జేబులో పెట్టుకుని లారీ దగ్గర దిగాడు. మిరపపండు రంగు అంచు, దాన్ని ఆనుకుని వేలెడు చిలకపచ్చ బట్ట. ఆ పీలిక ఉన్న గంపలన్నీ కుళ్లాయట. సెలవులకు వదిన వాళ్లింటికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. సరిగ్గా అదే చిలకపచ్చ చీర కట్టుకుని శాంతమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

శాంతమ్మ వదిన తోటలో పనిచేసేది. ఆ ఏడే ధైర్యం చేసి పక్కతోటలో నాలుగు చెట్లు కౌలుకు తీసుకుంది. వానల్లోపు ఇంటికి కప్పు వేసుకోవాలన్న ఆశంతా ఆ కాయ మీదే.

"ఇంకెక్కడికెళ్లి వెతకాలి, సాక్ష్యం ఒంటిమీదే ఉంటే!" అన్నాడు గుమాస్తా. "ఈమె గంపలు దించేయండ్రా."

"నాది నీలం పీలిక సార్, చూడండి, నా గంపలన్నిటికీ నీలమే."

"ఇవాళ నీలం కట్టావు, మొన్న పచ్చ కట్టావు."

రెండు గంపలు దించేశారు కూడా. అవతల గంపలు కుట్టిస్తున్న వదిన చేతిలో పురికొసతోనే వచ్చింది.

"శాంతమ్మా, ఇటు తిరుగు. చీర అంచు చూపించు ఈయనకి."

"అంచేదండీ? మీరే చింపుకొని ఇచ్చారుగా అమ్మగారూ."

"విన్నారా గుమాస్తాగారూ! క్రిస్మస్‌కి కొన్న చీర. పాతబడ్డాక ఈమెకిచ్చాను. అంచు నేనుంచుకున్నాను. ఆ పీలిక నాది, కాయ నాది. దించాల్సింది నా గంపలు."

దానం ఇచ్చే చీరకు అంచు పీక్కునే మనిషని అంతకుముందు నేను చాటుగా చాలాసార్లు అన్నాను. ఆ పూటతో ఆ మాట మానేశాను.

లారీకి అందించాలన్న తొందరలో ఆ లేతకాయ కోయించింది అన్నయ్యే. "కాస్త మెల్లగా చెప్పొచ్చుగా" అని గొణిగాడు. "మెల్లగా చెబితే ఆయనకు వినపడొద్దూ!" అంది వదిన. శాంతమ్మ గంపలు మళ్లీ లారీ ఎక్కాయి. వదిన గంపలు దిగాయి. అమ్ముడుపోని కాయ పండేసి, ఆ వేసవంతా ఆ ఇంట్లో మామిడితాండ్ర తప్ప వేరే మాట లేదు. వానలకు ముందే శాంతమ్మ ఇంటికి కప్పు పడింది.

"ఊరుకుంటే ఎవరికి తెలిసేది వదినా?" అని అడిగాను తర్వాత.

"ఎదుటివాళ్ల కాయకేనా అమ్మాయ్, పీలిక కట్టమన్నది?" అంది, తాండ్ర చాప మీద ఈగలు తోలుతూ.

మొన్న నేను వెళ్లేసరికి కోడలు ట్రంకుపెట్టె ముందు కూర్చుని ఉంది. వదినకు కట్టడానికి చీర వెతుకుతోంది. ఒక్క చీరకూ అంచు లేదు. "తిరువూరు నుంచి కొత్తది తెప్పిద్దామా పిన్నిగారూ?" అంది బెంగగా. శాంతమ్మ పెట్టెలోంచి ఊదారంగు చీర తీసి, చింపిన చివర తడిమి చూసింది. "దీని అంచు నిన్న లారీలోనే వెళ్లిందండీ. అమ్మగారు చింపి ఇస్తే నేనే కట్టాను" అంది.

అదే కట్టాం. శాంతమ్మ ఆ చివరను లోపలికి మడవబోతే నేను వద్దన్నాను. పాస్టరుగారు ప్రార్థన ముగించాక శవపెట్టె మూత వేశారు. మూత కింద నుంచి ఊదా పోగులు రెండు బయటికి వేలాడుతూనే ఉన్నాయి.