ఏడో గెంతు దగ్గర

శాస్త్రీయ దృక్పథం గురించి పిల్లలకు అరగంట మాట్లాడమని మొన్న వనపర్తిలో ఒక బడివాళ్లు పిలిచారు. నలభై ఏళ్లుగా మాట్లాడుతున్న విషయమే. నిద్రలో లేపి అడిగినా గంట చెప్పగలను. తీరా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే దయ్యాలు, బాణామతి, బాబాలు ఏవీ గుర్తుకు రాలేదు. మా చెల్లెలి మనవరాలు గుర్తుకొచ్చింది. మూడేళ్ల కింద ఆమెకు పదిహేడు, ఇంటర్ రెండో ఏడు. బాస్కెట్‌బాల్ ఆడేది.

తల్లిదండ్రులది అమరచింత. ఇక్కడ వనపర్తిలో చదువు కోసం మా గల్లీలోనే ఉన్న అవ్వ ఇంట్లో, అంటే మా చెల్లెలి ఇంట్లో ఉండేది. రోజూ పొద్దున ఐదున్నరకు ఒక చేతిలో బంతి, ఒక చేతిలో చీపురుతో కాలేజీ మైదానానికి పోయేది. అక్కడి సిమెంటు కోర్టు మీదికి చుట్టూ ఉన్న మట్టి నుంచి సన్నటి ఇసుక కొట్టుకొస్తుంది. ముందు అదంతా ఊడ్చి, తర్వాతే బంతి పట్టేది. ‘కాలేజీకి ఊడ్చే మనిషి లేదా?’ అని ఒకసారి అడిగాను. ‘ఆమె తొమ్మిదింటికొస్తది తాతా, నేను ఐదున్నరకొస్త’ అంది. ఫిర్యాదేమీ లేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. రింగు కింది స్తంభం మీద బొగ్గుతో గీతలు గీసేది. పడ్డ బంతులకు కాదు, పడనివాటికి. గీతలు ఇరవై లోపు ఉన్న రోజునే టిఫిన్‌లో రెండో దోసె అడిగేదని మా చెల్లెలు చెప్పేది.

ఆ ఏడు ఆమె ఆట చూసి ఎవరో పేపర్లో ఫోటో వేశారు. నేను పేపరు చంకన పెట్టుకుని పొద్దున్నే మైదానం గేటు దగ్గర ఆమెను పట్టుకున్నాను. ఎదురుగా చాయ్ హోటల్లో నా మిత్రులు, రిటైరైన మాస్టర్లు, నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లకు పరిచయం చేశాను. తలా ఒక ప్రశ్న వేశారు, తలా ఒక సలహా ఇచ్చారు, ఒకాయన ఏకంగా ఉపన్యాసమే మొదలుపెట్టాడు. ముప్పావుగంట పోయింది. ఆమె గడియారం చూసుకుని, చీపురు పక్కన పెట్టి, ఊడ్వకుండానే ఆట మొదలుపెట్టింది. ఐదు నిమిషాలకు రింగు కింద కాలు జారి మడతపడింది. చీలమండ గుమ్మడికాయలా వాచింది.

దవాఖానలో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, నరం సాగింది, మూడు వారాలు ఆడొద్దన్నారు. ఉమ్మడి జిల్లా జట్టు ఎంపిక గద్వాలలో, సరిగ్గా పదకొండు రోజులకు. పద్దెనిమిదేళ్ల లోపు జట్టుకు ఆమెకు అదే చివరి అవకాశం.

మా చెల్లెలికి కారణం వెతుక్కునే పనే లేదు. పేపర్ల ఫోటో పడ్డది, నలుగురి కన్ను పడ్డది. ఉప్పు, ఎండుమిరపకాయలు పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టని వాళ్ల శాస్త్రం.

‘చూసినవా అన్నా, జరంత ఘాటన్న వచ్చిందా?’

నేను గడప దగ్గర దగ్గలేక చస్తున్నాను. ‘మరి నా కండ్ల నీళ్లేంది చెల్లె?’

‘నీకు నాస్తికం నెత్తికెక్కింది, గందుకు.’

అంతటితో ఆగలేదు. పిల్లకు గ్రహం బాగలేదు, ఈ ఏడు గద్వాలకు పోవద్దంది. ఇక నేను ఊరుకుంటానా? పోవాల్సిందేనన్నాను. పోకపోతే మూఢనమ్మకానికి తలవంచినట్టేనన్నాను. డాక్టర్లు జాగ్రత్తకు నాలుగు రోజులు ఎక్కువే చెప్తారని కూడా అన్నాను. జీవితమంతా ‘డాక్టరు మాట వినండి’ అని ఊరూరా తిరిగి చెప్పిన నోటితోనే అన్నాను.

పిల్ల మంచం మీద కాలు చాపుకుని, ఐసు ముక్కలు గుడ్డలో కట్టి పెట్టుకుంటూ మా ఇద్దరినీ విన్నది. చివరికి అంది: ‘అవ్వ దిష్టంటది, నువ్వు మూఢనమ్మకమంటవు. ఇద్దరు కొట్లాడుకుంటుండ్రు గని నా కాలు దిక్కు చూస్తలేరు. నేను ఇసుక ఊడ్వలే, జారిన. గంతే.’

ఊడ్వనీయంది ఎవరు? మా చెల్లెలు చెప్పిన ఆ నలుగురి కళ్లలో ముందువరసలో ఉన్నవి నావే. ఆ సంగతి పిల్ల ఎత్తలేదు, అప్పుడే కాదు, ఆ తర్వాతా.

మర్నాటి నుంచి ఆటోలో మైదానానికి పోయి, కోర్టులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కూర్చునే బంతులు వేసింది. ఊడ్చే పని నాకొచ్చింది. ‘మూల వదిలినవు తాతా’ అని రోజూ ఒకసారైనా అనిపించుకున్నాను. ఎంపిక నాటికి వాపు తగ్గింది, నడక బాగుంది. గద్వాలకు బయల్దేరాం. జూరాల డ్యాం మీద బస్సు పోతుంటే నీళ్లకేసి చూస్తూ కూర్చుంది.

గద్వాల మైదానంలో బూట్లు కట్టుకుని ఒక పక్కకు పోయి, దెబ్బతగిలిన కాలొక్కదాని మీద గెంతడం మొదలుపెట్టింది. వారాలు ఎన్నయినా సరే, నొప్పి లేకుండా పది గెంతులు వస్తేనే ఆడమని డాక్టరు చెప్పాడట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నేను లోపల లెక్కబెడుతున్నాను. ఐదు. ఆరు. ఏడో గెంతుకు పెదవి కొరికి ఆగింది. రెండోసారి ప్రయత్నించలేదు. నేరుగా జట్టును ఎంపిక చేసే సారు దగ్గరకు పోయింది.

‘సార్, నేను ఆడను. కాలు ఇంకా మంచిగ కాలే.’

ఆయనకు ఆమె ఆట తెలుసు. ‘పట్టీ కట్టుకో బిడ్డా, పది నిమిషాలు ఆడు చాలు, పేరు రాసుకుంట.’

‘ఇప్పుడు పది నిమిషాలు ఆడొచ్చు సార్. జట్టుల పడ్డంక అక్కడ ఆడలేకపోతే? ఒకరి జాగ ఖరాబ్ చేసినట్లయితది.’

నేను అడ్డుపడబోయాను. నా నోట్లో ‘అవకాశం’ అనే మాట సిద్ధంగా ఉంది. ఆమె ముఖం చూసి మింగేశాను. మధ్యాహ్నం దాకా అక్కడే రింగు వెనుక నిలబడి, ఆడేవాళ్లకు బంతులు ఏరి ఇచ్చింది. తిరుగు బస్సులో పల్లికాయలు వలిచి నాకు సగం పెట్టింది.

‘బాధ కాలేదా?’ అని అడిగాను.

‘ఎందుకు కాదు? మస్తయింది. బాధయితే కాలు మంచిగయితదా తాతా?’

ఇంటికి వచ్చాక, తన మాట విని పిల్ల ఆగిందని మా చెల్లెలు వాడంతా చెప్పుకుంది. ఆమెను ఖండించే ఓపిక మొదటిసారి నాకు లేకపోయింది.

ఆ జిల్లా జట్టులో ఆమె ఎప్పుడూ ఆడలేదు. ఆ వయసు దాటిపోయింది. ఇప్పుడు డిగ్రీ చదువుతూ యూనివర్సిటీ జట్టులో ఆడుతోంది, కాలు గట్టిగానే ఉంది. ఆమె ఒక ఏడాదిని చేజేతులా వదులుకుంది, వదులుకుంటున్నానని తెలిసి వదులుకుంది. గెలవాలన్న పంతంతో వాదనల్లో నేను పారేసుకున్న ఏళ్లు ఎన్నో, పారేసుకుంటున్నప్పుడు ఒక్కటీ నాకు తెలియలేదు.