ఆరో గీతకూ ఏడో గీతకూ మధ్య

మా ఒడెస్సక్క దగ్గర కుట్టు మాట ఎత్తకూడదు. ఎత్తితే ఆ పూటకి ఇంకో మాట ఉండదు. మిషిగన్‌లో మా ఫ్లింట్ ఊళ్లో కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన మనిషి. "నేను కుట్టిన ముక్క ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు" అని చర్చిలో చెప్పింది, కూరగాయల కొట్లో చెప్పింది, పళ్ల డాక్టరు మత్తు సూది పట్టుకుని నిలబడితే ఆయన్ని ఆపి మరీ చెప్పింది. ఆమె భర్త బతికున్న రోజుల్లో ఆ మాట మొదలవగానే టోపీ పెట్టుకుని వీధిలోకి పోయేవాడు. నాకు ఆ దారి లేదు. పద్దెనిమిదేళ్లుగా ఆమె గ్యారేజీలోనే నా పని.

నా పేరు వెండెల్ టబ్స్. నేనూ ఆ ఫ్యాక్టరీవాణ్ణే. మొదటి రెండేళ్లూ రెక్సిన్ కోసి, గీతలు గీసే గదిలో ఉన్నాను. తర్వాత ఇంకో ఫ్యాక్టరీకి మారి, కార్ల పైకప్పులకు రెక్సిన్ తొడిగే పనిలో పడ్డాను. ఇద్దరం రిటైరయ్యాక ఒడెస్సక్క గ్యారేజీలో మిషను వేసింది, నేను నా జిగురు డబ్బాలు పట్టుకెళ్లాను. మా కుర్రతనంలో ఈ ఊరంతా వెర్రెత్తిపోయిన మజిల్ కార్లు, పెద్ద ఇంజను, రెండే తలుపులు, ఇప్పుడు ముసలివై మా దగ్గరికి వస్తాయి. కారు కప్పు నాది, లోపల కూర్చునే చోటంతా ఆమెది. లోకప్పుకి కట్టే గుడ్డ ఎవరిదన్న దాని మీద మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఆమెకి డెబ్బయ్యారేళ్లు. నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా తిట్టగలదు. ముక్కుమీద కోపం, కానీ మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి నా పళ్లెం కూడా సిద్ధంగా ఉంటుంది: ఉడికించిన ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. కుట్టేటప్పుడు గొంతులో సన్నగా ప్రార్థన పాట ఒకటి కూనిరాగం తీస్తుంటుంది. ఆ రాగం వినిపిస్తున్నంతసేపూ లోకంలో ఏ ఇబ్బందీ లేదని నాకు ధైర్యం.

మే నెలలో రేమండ్ విచోరెక్ వచ్చాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ముదురాకుపచ్చ రంగు కారు, డెబ్బయ్యో సంవత్సరం మోడలు, మీద నల్ల రెక్సిన్ కప్పు. కారుతో పాటు ఇంత లావు ఫైలు కూడా తెచ్చాడు.

"ఒడెస్సమ్మా, ఆగస్టులో పోటీకి పెడుతున్నా. ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చిన రోజు ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి" అన్నాడు.

"అంతకన్నా బాగా చేసిస్తాం."

"అయ్యయ్యో, వద్దు! బాగుంటే మార్కులు కోసేస్తారు."

ఒడెస్సక్క కళ్లజోడు దించి నా వైపు చూసింది. "విన్నావా వెండెల్? బాగా చేస్తే తప్పట. ఇది వినడానికేనేమో దేవుడు నన్ను ఇన్నాళ్లుంచాడు."

కప్పు పని నేను మొదలుపెట్టాను. పాత రెక్సిన్ ఊడదీస్తే కింద రేకు జల్లెడైపోయి ఉంది. ఎప్పుడూ అంతే. నీళ్లు అంచు కింద చేరి, ఎవరికీ కనపడకుండా ఏళ్ల తరబడి తింటాయి. రేకు అతికించి, నున్నగా రుద్ది, రంగు కొట్టేసరికి మూడు వారాలు పట్టింది. కొత్త రెక్సిన్ ఎండలో పరిచి, మెత్తబడ్డాక, మధ్య నుంచి అంచులకు అరచేత్తో నెట్టుకుంటూ అతికించాను. ఈ కాలంవాళ్లు వేడిగాలి మిషను పెట్టి లాగుతారు. అలా లాగిన కప్పు రెండు చలికాలాలు గడిస్తే మూలల్లో ముడుచుకుంటుంది, నాకు మాత్రం వాళ్ల మీద జాలి కలగదు. రెక్సిన్‌కి తొందర పనికిరాదు. రేమండ్ వచ్చి కప్పు మీద రెండు కుట్లకీ మధ్య దూరం టేపుతో కొలిచి, ఫైల్లో చూసుకుని, నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

తంటా అంతా డ్రైవరు సీటు దగ్గర వచ్చింది. ఆ సీటు వీపు మీద పైనుంచి కిందికి ఉబ్బెత్తు చారలుంటాయి. రెక్సిన్ వెనక పన్నెండు సుద్దగీతలు గీసి, పల్చటి ఫోమ్ మీద పెట్టి, గీతల మీదుగా కుడితే అవి తేలతాయి. పదకొండు చారలూ ఒకే వెడల్పు ఉండాలి. ఈ సీటులో మాత్రం సరిగ్గా నడుమ చార పెన్సిలు మందం ఎక్కువుంది.

"ఇది కూడా ఇలాగే కావాలి" అన్నాడు రేమండ్. "ఆ రోజు అలా వచ్చింది. ఫొటోలున్నాయి."

"ఎవత్తో కళ్లు మూసుకుని కుట్టింది" అంది ఒడెస్సక్క. "ఇలాంటి చేతుల్ని మా గదిలోకి ఎలా రానిచ్చారో! నా పక్కన కూచునుంటే మిషను మీంచి లేపి, చీపురిచ్చి పంపేదాన్ని."

ఇంకా చాలా అంది. కుట్టినామె అమ్మమ్మ దాకా వెళ్లింది. అంటూనే పాత తొడుగు కుట్లు విప్పుతోంది. నేను కారులో వెల్లకిలా పడుకుని, లోకప్పు గుడ్డ నిలబెట్టే ఇనుప కమ్మీలకు వరస తప్పకుండా అంకెలు వేస్తున్నాను. ఉన్నట్టుండి ఆమె మాట ఆగిపోయింది. భయమేసి తల బయటికి పెట్టాను.

ఆమె చేతిలో కాగితం చీటీ ఉంది. ప్రతి తొడుగు లోపలా అదొకటి పెట్టి కుట్టేవాళ్లు. దాని మీద తేదీ, కుట్టిన మనిషి నంబరు ఉంటాయి. సీటు తప్పుగా వస్తే ఎవరిని నిలదీయాలో దాన్ని బట్టి తెలుస్తుంది.

"చదువు" అని నాకిచ్చింది.

పద్నాలుగు, నవంబరు, అరవై తొమ్మిది. నంబరు రెండొందల పద్నాలుగు.

"నీ నంబరెంత అక్కా?" అన్నాను. నాకు తెలుసు. అయినా అడిగాను.

"రెండొందల పద్నాలుగు."

ఇక్కడ నా బుద్ధి దాచను. నాకు లోపల పండగయింది. పద్దెనిమిదేళ్లుగా చెవిలో జోరీగలా విన్న మాట! "అయితే ఒక ముక్క వెనక్కి వచ్చిందన్నమాట. యాభై అయిదేళ్లు ఆలస్యం, అంతే" అని నవ్వాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. మర్నాడు కూడా వదల్లేదు నేను. "అక్కా, చీపురు ఎవరికిద్దాం?" అన్నాను. ఆకుకూర పళ్లెం నా ముందు పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

నేను కారులో పడుకుని ఉండగా ఆ చీటీ ఆమె చించి పారేస్తే నాకు తెలిసేదే కాదు. అలా చెయ్యలేదు. రేమండ్‌కి కూడా తనే చూపించింది. అతను సంబరపడిపోయి, చీటీ ఉంటే మార్కులు పెరుగుతాయన్నాడు. ఆమె మొహం చూశాక పాపం అతని సంబరం కూడా ఆగిపోయింది.

అప్పట్నుంచి గ్యారేజీలో కూనిరాగం లేదు. చర్చిలో భోజనాల రోజున ఆమె రాలేదు. మూడో రోజున కొత్త తొడుగు మొదలుపెట్టింది. తప్పుగా కుట్టడం ఆమె వల్ల కాలేదు. టేపుతో కొలిచి, కావాలని పక్కకి జరిపి కుట్టబోతుంది, చెయ్యి దానంతటది సరిచేసుకుంటుంది. మూడు తొడుగులు పాడుచేసింది. మూడూ అద్దంలా వచ్చాయి.

"చూశావా? ఇప్పుడు కావాలంటే రావట్లేదు. ఆ రోజెలా వచ్చింది?" అంది. "మూడు రాత్రుల్నించి ఆలోచిస్తున్నా వెండెల్. ఒంట్లో బాగాలేదా? ఎవరితోనన్నా పోట్లాడానా? ఏదీ గుర్తు రాదు. ఇదొక్కటేనో, ఇంకెన్ని వెళ్లాయో. ఇన్నేళ్లూ ఉత్త కోతలు కోశాను."

"ఒక్క చార కోసం ఇంత బాధా అక్కా?"

"నాకు చదువు లేదు, ఆస్తి లేదు. నా గురించి చెప్పుకోడానికి ఉన్నది ఆ ఒక్క మాట." మిషను మీద గుడ్డ కప్పేసింది. "ఈ కారుతో సరి. ఇది అవగానే మిషను ఎవరికైనా ఇచ్చేస్తా."

మిషను వెళ్లిపోతే గ్యారేజీ లేదు. గ్యారేజీ లేకపోతే నేను పొద్దున్నే లేచి చొక్కా వేసుకోవడానికి కారణం లేదు. ఆ మాటతో ఎగతాళి మానేశాను.

"టేపు పెట్టుకుంటే నా వల్ల కాదు" అంది మళ్లీ. "పాతకాలంలో మాకు ముక్కలు గీతలతోనే వచ్చేవి కదా. నువ్వు ఆ గదిలో చేశావుగా, అలాగే గీసివ్వు. గీత ఎక్కడుంటే అక్కడ కుడతా. మాకు తెలిసింది అదే."

ఆ గదిలో గీతలకు చెక్కపలక వాడేవాళ్లం. పలకలో ఆరు సందులుంటాయి. ఆరు గీతలు గీసి, పలక పక్కకి జరిపి, మిగతా ఆరూ గీయాలి. అలాంటి పలక ఒకటి పాత చెక్కముక్కతో చేశాను. రెక్సిన్ తిరగేసి పరిచి, సుద్దతో ఆరు గీతలు గీశాను. పలక జరిపాను. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆరో గీతకూ ఏడో గీతకూ మధ్య. పలక జరిపే చోటు.

కుట్టేవాళ్ల చెయ్యి తప్పితే ఎక్కడైనా తప్పుతుంది, కిందికి పోయేకొద్దీ కుట్టు ఒంపు తిరుగుతుంది. పై నుంచి కింద దాకా ఒకే కొలతలో, సరిగ్గా నడుమ వెడల్పు వచ్చిందంటే అది కుట్టు తప్పు కాదు. పలక పెన్సిలు మందం దూరంగా పడింది. గీసినవాడి తప్పు.

నవంబరు పద్నాలుగు శుక్రవారం. మిషిగన్‌లో పుట్టినవాడికి ఆ తేదీ చెప్పక్కర్లేదు. పదిహేనున జింకల వేట మొదలవుతుంది. ముందురోజు మధ్యాహ్నానికి, తనిఖీ చేసేవాళ్లతో సహా, సగం ఫ్యాక్టరీ ఖాళీ, అందరూ తుపాకులు సర్దుకుని ఉత్తరాన అడవుల దారి పడతారు. ఆ ఏడు నాకు పంతొమ్మిదేళ్లు. మా బావ గేటు బయట బండి పెట్టుకుని హారను కొడుతున్నాడు. రోజంతటి ముక్కలూ భోజనాల వేళకి గీసి పడేసి వెళ్లిపోయాను. ఆ వారం గీతల బల్ల మీద నేనొక్కణ్ణే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ మాట నా మనసులోకి రాలేదంటే అబద్ధం. సుద్దముక్క బల్ల మీద పెట్టాను. తర్వాత, "అక్కా, ఇలా ఓసారి రా" అని పిలిచాను.

పలక జరిపి చూపించాను. వేట సంగతి, బావ హారను సంగతి, అన్నీ చెప్పాను. ఆమె పాత తొడుగు తెచ్చి నా గీతల మీద పరిచింది. మొదటి ఆరూ కలిశాయి. పలక కాస్త దూరంగా పెడితే మిగతా ఆరూ కలిశాయి.

"జింక దొరికిందా?" అంది.

"లేదక్కా. జలుబు చేసి తిరిగొచ్చాను."

"మీకు నంబర్లు ఉండేవి కావు కదూ, గీసేవాళ్లకి?"

"లేవు."

"మాకుండేవి." వేలితో ఆ చీటీని నిమిరింది. "ఇలా నడుమ చార లావెక్కిందని మా గదిలో ఎంతమంది తిట్లు తిన్నారో తెలుసా? చెయ్యి నిలకడ లేదని సూపర్‌వైజరు అందరి ముందూ అనేవాడు. వాళ్లు తల వంచుకునేవాళ్లు. మాలో ఒక్కరికి కూడా మీ గదిలోకి వచ్చి చూడాలని తోచలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె మిషను మీద గుడ్డ తీసి, కుర్చీ లాక్కుంది. "గీయి. పలక ఆ రోజు ఎక్కడ పెట్టావో అక్కడే పెట్టు. సన్నగా కాదు, కనిపించేలా గీయి."

గీశాను. ఆమె గీతల మీదుగా ఒక్కసారిగా కుట్టేసింది. సగంలో ఉండగా కూనిరాగం మొదలైంది. నేను జిగురు డబ్బా వెతికే నెపంతో మొహం అటు తిప్పుకున్నాను.

ఆగస్టులో పోటీ. రేమండ్ కారు తుడిచిన చోటే తుడుస్తున్నాడు. జడ్జి ఒక సన్నపాటి మనిషి. నా కప్పు మీద చెయ్యి వేసి, కుట్లు చూసి, తలాడించాడు. తర్వాత డ్రైవరు సీటు దగ్గర మోకాళ్ల మీద కూచుని, టార్చి వేసి, నడుమ చార కొలిచి, ఫొటోతో సరిచూశాడు. తొడుగు కింది అంచు ఎత్తి, లోపల మళ్లీ పెట్టిన పాత చీటీ చదివాడు.

"అసలు తప్పును ఇంత నిజాయితీగా దించినవాళ్లని చూడలేదు" అన్నాడు. చుట్టూ చేరినవాళ్లని చూసి, "ఈ రెండొందల పద్నాలుగు ఎవరో, ఆవిడ ఆ రోజు ఏ లోకంలో ఉందో!" అన్నాడు. అందరూ నవ్వారు.

"నేనే ఆవిణ్ణి" అంది ఒడెస్సక్క. అంతే. నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడను కూడా లేదు.

నేను చెయ్యెత్తాను. "కుట్టు ఆమెది, సరిగ్గానే ఉంది. గీత తప్పు. అది గీసింది నేను, వెండెల్ టబ్స్. మాకు నంబర్లు లేవు" అని గట్టిగానే అన్నాను. పలక జరిపే సంగతంతా చెప్పాను. జింకల వేట అనగానే జనం ఇంకా పెద్దగా నవ్వారు. ఈసారి నా మీద.

నవ్వులు తగ్గాక, వెనక మడత కుర్చీలో కూచున్న ఒకావిడ కర్ర ఊతంతో లేచి ముందుకి వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి.

"నడుమ చారేనా? పైనుంచి కింద దాకా ఒకేలాగా?" అని నన్నడిగింది.

"అవునమ్మా."

"నేను మూడొందల తొమ్మిదిని. నాకు మూడుసార్లు అలాగే వచ్చింది. మూడోసారి మిషను మీంచి తీసేసి పెట్టెలు మోసే పనిలో వేశారు." కర్ర లేని చేతిని ఎత్తి, ముందూ వెనకా తిప్పి చూసుకుంది. "నా చెయ్యే మంచిది కాదనుకున్నా. మళ్లీ ఇంట్లో కూడా సూది పట్టలేదు."

"తప్పు మాదేనమ్మా" అన్నాను. ఒడెస్సక్క ఆవిడ చెయ్యి అందుకుని, అరచెయ్యి విప్పి, వేళ్లు ఒక్కొక్కటే పరీక్షగా చూసింది.

"చెయ్యి బాగానే ఉంది. వచ్చే నెల ఇంకో కారు వస్తోంది, వెనక సీటంతా కుట్టాలి, నేనొక్కదాన్నే" అంది. "సోమవారం తొమ్మిదింటికి రా. గీతలు మాత్రం మనమే గీసుకుందాం."