వట్టి పుట్, జోడు పుట్

మా బావకు కదలని మార్కెట్ అంటే ఇష్టం. షేర్లు ఎగబాకే రోజుల్లో ఆయన వాటివైపు చూడలేదు. సూచీ నెలల తరబడి ఒకే చోట కునికిపాట్లు పడుతున్నప్పుడు మాత్రం, "ఇది మనసొంటి నిమ్మళమైనోళ్ల కోసమే బామ్మర్ది" అని ఆప్షన్లలోకి దిగాడు. అప్పటికి మన దేశంలో ఆప్షన్లు మొదలై నాలుగైదేళ్లయింది. నేను ఖమ్మంలో కామర్స్ లెక్చరర్ని. పుస్తకంలో ఉన్నదంతా తెలుసు, చేతిలో మాత్రం పైసా లేదు. బావ చేతిలో ఉన్న పైసలు మా అక్కవి.

బోనకల్ దగ్గర తన వాటాకొచ్చిన ఎకరం అమ్మి, అశ్వారావుపేటలో వేసిన పామాయిల్ తోటకు బోరు వేయించాలని అక్క దాచుకున్న డబ్బు అది. మొక్కలకు రెండో ఏడు. పాత బోరు మాఘం దాకా పోస్తుందనీ, ఎండలు ముదరకముందే కొత్తది పడాలనీ ఆమె లెక్క. ఆ మూడు నెలలు డబ్బు బ్యాంకులో ఊరికే పడుకోవడమెందుకని బావ అన్నాడు. అక్క నా మొహం చూసింది. నేను చూసుకుంటానన్నాను.

ఆప్షన్లలో పుట్ అమ్మడమంటే, సూచీ ఫలానా మట్టం కన్నా కిందికి పోతే ఆ తేడా నేను కడతానని మాటిచ్చి, ఆ మాటకు ముందే డబ్బు పుచ్చుకోవడం. నెలాఖరుకు సూచీ పడకుండా ఉంటే పుచ్చుకున్నదంతా మనదే. బావ వట్టి పుట్ అమ్ముదామన్నాడు. నేను జోడు పుట్ అన్నాను. పై మట్టానిది అమ్మాలి, వచ్చినదాంట్లో కొంత పెట్టి ఇంకా కింది మట్టానిది ఒకటి కొనాలి. అప్పుడు సూచీ ఎంత లోతుకు పడ్డా మన నష్టం ఆ రెండు మట్టాల మధ్యనే ఆగిపోతుంది. మధ్య మట్టానివి రెండు అమ్మి, పైదొకటి, కిందిదొకటి కొనే పద్ధతి కూడా చెప్పబోయాను. నాలుగింటికీ బ్రోకరేజి కట్టాలనగానే బావ దండం పెట్టాడు.

"చేతికొచ్చిన పైసల్ల కొంత మళ్ల ఎవనికో ఇచ్చుడేంది?"

"పడితే ఆపేది అదే బావా."

"ఎంత పడతది? పడితే కూసోని తెంపుకుంటం."

ఆ ఆఖరి మాట నేను పట్టించుకోలేదు. పామాయిల్‌కు ముందు బావ ఇరవై ఏళ్లు మిర్చి అమ్మిన మనిషి. యార్డులో ధర ఖాయమయ్యాక, కాంటా పడేలోపు రేటు విరిగితే కొన్నవాడు మళ్లీ వస్తాడు. బస్తాల మీద కూర్చుని చాయ్ తాగి, తువ్వాల కింద వేళ్లు నొక్కుకుని, నష్టం చెరిసగానికి తెంపుకుని లేస్తారు. ఏ బేరమైనా అట్లాగే తెగుతుందని ఆయన నమ్మకం.

రెండు నెలలు నా మాటే నడిచింది. జోడు పెట్టాం. వట్టిది పెట్టి ఉంటే ఎంత వచ్చేదో నోటుబుక్కులో పక్కనే రాశాం. రెండు నెలలూ నోటుబుక్కే గెలిచింది. ఇక నన్ను ఆటపట్టించడానికి బావకు అడ్డు లేదు. "వాన లేదు, మబ్బు లేదు, మావోడు మాత్రం నెలకో గొడుగు కొంటడు" అని నలుగురిలో అనేవాడు. అందరూ నవ్వేవారు.

మూడో నెల ఆయనే బ్రోకరుకు ఫోన్ చేసి ఆర్డరు పెట్టాడు. రెండు రోజుల తర్వాత నేను బ్రోకరు ఆఫీసుకు పోయి చీటీ తీసుకున్నాను. అందులో రెండు లైన్లుండాలి. ఒక్కటే ఉంది. పైది అమ్మాడు, కిందిది కొనలేదు. ఆ రోజు ఆ కిందిది కారుచవక. బావకు ఒక్క ఫోన్ చేసి గట్టిగా చెబితే సరిపోయేది. కానీ గొడుగు మాట గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఒక చిన్న దెబ్బ తగిలితే ఆయనకే తెలిసొస్తుందని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

పది రోజులకు సూచీ విరిగింది. అది చిన్న దెబ్బ కాదు. మూడు రోజుల్లో అక్క డబ్బు ముప్పాతిక కరిగిపోయింది. నాలుగో రోజు బావ ఖమ్మంలో బస్సు దిగి, బేరానికి వట్టి చేతులతో పోకూడదని ఎండుమిర్చి సంచి పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. పక్కన నేనూ ఉన్నాను.

"అవతల కొన్నాయన్ని పిలువమ్మా. కూసోని మాట్లాడుకుంటం" అన్నాడు కౌంటరు దగ్గరి అమ్మాయితో.

"ఆయనెవరో మాక్కూడా తెలవదంకుల్."

"పైసలు తీసుకునేటోడు ఒక్కపారన్న ఎదురు రాడా?"

ఆ అమ్మాయి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఎవరైనా వస్తారేమోనని బావ మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని తలుపు వైపే చూశాడు. ఆయన్ని చూస్తే జాలేసింది, నన్ను నేను తలుచుకుంటే అసహ్యం వేసింది. చివరికి అమ్మిన పుట్‌ను నష్టానికే వదిలించుకుని, మిగిలిన కొద్దిపాటితో బయటికొచ్చాం. మిర్చి సంచి ఆ అమ్మాయికే ఇచ్చేశాడు.

ఆ ఏడు బోరు పడలేదు. ఎండల్లో అక్క కిరాయి ట్యాంకరు తెప్పించి మొక్కమొక్కకూ బిందెతో పోసింది. అయినా సగం ఎండిపోయాయి. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి తోటలోనే ఉంది.

"నీకు తెలిస్తే ఆపేటోడివే తమ్ముడూ. నీకు చెప్పకుండ జేసిండు గద" అంది, నన్నే ఓదారుస్తూ.

ఆ ఓదార్పు నేను మోయలేకపోయాను.

"నాకు తెలుసక్కా. పది రోజుల ముందే చీటీ చూసిన. బావకు బుద్ధి రావాల్నని ఊకున్న."

అక్క బిందె కింద పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"బావకు బుద్ధి రావాల్నని సరే," అంది. "బోరు నాది గద తమ్ముడూ."