ఆదివారం వేసిన గడ్డికుప్పలు

మా నాన్న ఎమ్రిస్ ప్రాసర్ జన్మలో ఒక్క అబద్ధం ఆడలేదని ఆయన అంత్యక్రియల్లో పాస్టరుగారు చెప్పారు. నిజమే, ఆడలేదు. ఆయన చెప్పిన ఒక నిజం మీద నాకు ఈనాటికీ కోపమే.

వేల్స్ కొండల్లో మాది చిన్న పొలం, తొమ్మిది ఆవులు. రెండో ప్రపంచయుద్ధం నాలుగో ఏట ఒట్టావియో అనే ఇటలీ ఖైదీని మాకు పనికి పంపారు. ఖైదీ అని తెలిసేలా వీపు మీద గుండ్రటి రంగుగుడ్డ కుట్టిన చొక్కాతో వచ్చాడు. వాళ్ళదీ కొండపొలమేనట. నెల తిరక్కుండానే మా బల్ల దగ్గర కూర్చుని తినడం, వచ్చీరాని మా భాషలో వాగడం మొదలుపెట్టాడు.

"ఈ పులుసు మనుషులకా అమ్మా, ఆవులకా?"

"తిని చూడు. నచ్చకపోతే ఆవుకే పోస్తాలే," అనేది అమ్మ. రెండోసారి గిన్నె చాచేవాడు.

ఎవరితోనూ పెద్దగా మాట్లాడని నాన్న వాడి పక్కన మాత్రం నవ్వేవాడు.

"నన్ను శిబిరానికి పంపెయ్యకండి పెద్దాయనా. అక్కడ ముళ్ళకంచె తప్ప ఇంకేం కనపడదు," అని ఒకసారి బతిమాలాడు వాడు.

"నేనుండగా ఎవడు పంపుతాడ్రా నిన్ను?" అన్నాడు నాన్న.

ఆదివారం దేవుడి రోజని మా ఊళ్ళో ఎవరూ పని ముట్టరు. బంగాళాదుంపల తొక్క కూడా శనివారమే తీసి నీళ్ళలో వేస్తాం. పాలు మాత్రం పితుకుతాం, లేకపోతే ఆవులకు బాధ. అది చూసి, తప్పనిసరి పనైతే చేయవచ్చనుకున్నాడు ఒట్టావియో. జులైలో ఒక ఆదివారం మేమంతా ప్రార్థనలో ఉండగా పడమట మబ్బు పట్టింది. కోసిన గడ్డి పొలమంతా పరచి ఉంది. వాడొక్కడే దాన్నంతా లాగి కుప్పలు వేశాడు. మేం దారి మలుపు తిరిగేసరికి చెమటలు కక్కుతూ, సంతోషంగా చేయి ఊపుతున్నాడు. మా వెనకే ఊరంతా వస్తోంది.

నాన్న సంఘ పెద్దల్లో ఒకడు. ఆ సాయంత్రమే చర్చిలో తోటి పెద్ద బెవన్ అందరి ముందూ అడిగాడు.

"నువ్వు చెప్పి చేయించావా ఎమ్రిస్?"

"లేదు."

"అయితే వాడింకా నీ ఇంట్లో ఎందుకు?"

'వాడు మా కోసమే చేశాడు' అన్న ఒక్క ముక్క నాన్న నోట రాలేదు. అమ్మ నా పక్కన చేతులు నలుపుకుంటూ కూర్చుంది.

సోమవారం పొద్దున్నే వాన మొదలైంది. నాన్న పంగలకర్ర తీసుకుని, ఒక్కో కుప్పా విప్పి, గడ్డిని వానలో పరిచాడు. ఊరికి కనపడాలిగా మరి! ఒట్టావియో పరుగెత్తుకొచ్చాడు.

"సరిగ్గా వెయ్యలేదా పెద్దాయనా? ఎక్కడ తప్పిందో చెప్పండి, మళ్ళీ వేస్తా."

నాన్న తర్వాతి కుప్ప దగ్గరికి నడిచాడు. వాడు ఇంకో కర్ర తెచ్చుకుని, తానూ విప్పసాగాడు. కిటికీలోంచి చూస్తూ నేను వెక్కి వెక్కి ఏడ్చాను. బుధవారం శిబిరం లారీ వచ్చి వాణ్ణి ఎక్కించుకుపోయింది.

ఆ చలికాలం మేత చాలక మూడు ఆవులు బక్కచిక్కి చచ్చాయి. నాన్న పెద్దరికం మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్ళు చెక్కుచెదరలేదు. ఒట్టావియో పేరు మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పోవడానికి వారం ముందు నాన్న మంచం మీంచి కిటికీ వైపు చూస్తూ నన్ను పిలిచాడు.

"మబ్బు పట్టిందే. పోయి ఒట్టావియోని లేపు. గడ్డి తడిసిపోతుంది."

"ఇవాళ ఆదివారం నాన్నా."

"తెలుసమ్మా," అన్నాడు. "తొందరగా పో."