పెట్టె మారిన ఉత్తరాలు

మాస్టర్స్ చివరి సెమిస్టర్‌లో అమెరికాలో హెర్న్‌డన్ దగ్గర ఒక ఆర్కైవ్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను. పాత కాగితాలు చదివి జాబితా రాయడం నా పని. నాకిచ్చినవి రెండు వందల ఏళ్లు పైబడినవి, ఒక స్కాట్లాండ్ భూస్వామివి. ఆయన పార్లమెంటు సభ్యుడు కూడా. ఆయన లండన్‌లో ఉపన్యాసాలు దంచుతుంటే, ఊళ్లో కౌలుదార్లనీ గొర్రెలనీ చూసుకుంటూ ఒకావిడ ఆయనకి ఉత్తరాలు రాసేది. ముద్దూ మురిపెం లేవు, అన్నీ పని మాటలే. సంతకంలో ఇంటిపేరు వేరు. పనిమనిషే అనుకుని అన్నిటినీ 'పనివాళ్లు' పెట్టెలో పడేశాను.

ఆఖరి వారంలో ఒక ఉత్తరం అడుగున చిన్న ముక్క కనిపించింది: "మన బుజ్జివాడికి పళ్లొస్తున్నాయి."

మన! ఆవిడ ఆయన భార్య. వెతికితే తేలింది, అప్పట్లో స్కాట్లాండ్‌లో ఆడవాళ్లు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరే రాసుకునేవారట. పెళ్లయితే ఇంటిపేరు మారాల్సిందేనని పుట్టి బుద్ధెరిగిననాటి నుంచి చూస్తున్నదాన్ని, నాకు అనుమానమే రాలేదు. సిగ్గేసింది. సోమవారం జాబితా ఆన్‌లైన్‌లో పెడతారు. ఎస్టేట్ మొత్తం నడిపిన మనిషి ఇక లోకానికి పనిమనిషే.

సూపర్‌వైజర్ మార్చడానికి టైమ్ లేదంది, జాబితా కింద ఒక నోట్ రాస్తే చాలంది. రూమ్మేట్ అయితే, "లైట్ తీస్కోవే, ఎవరు చూస్తరు? ముందు జాబ్‌లకి అప్లై చెయ్యి," అంది.

మొండిఘటం అని నాకు ఇంట్లో ఊరికే పేరు రాలేదు. శని, ఆదివారాలు కూడా తాళం అడిగి తీసుకుని వెళ్లాను. ప్రతి ఉత్తరాన్నీ బయటికి తీసి, మళ్లీ చదివి, ఆవిడ సొంత పేరుతో సొంత పెట్టె కట్టాను, జాబితాలోనూ మార్చాను.

సోమవారం, ఆ కాగితాలు ఇచ్చిన ముసలావిడ వచ్చింది. ఆ వంశంలో మనిషే. పెట్టె మీది పేరు వేలితో తడిమి చూసి, "ఈమె పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు," అంది. తర్వాత మామూలుగా, మా అమ్మమ్మ పుట్టింటి పేరేమిటని అడిగింది.

నాకు తెలియదు.

పార్కింగ్‌లోంచే అమ్మకి ఫోన్ చేశాను. "ఇప్పుడెందుకే అది?" అంది.

"రాసుకుంటానమ్మా. చెప్పు."

అమ్మ చెప్పింది. అంతటితో వదల్లేదు నేను. "మరి అమ్మమ్మ వాళ్లమ్మది?"

అది అమ్మకీ తెలియదు.

"తెలిసినవాళ్లు ఎవరున్నారో చెప్పు, వాళ్లకే చేస్తాను," అన్నాను.