బుడే సాహెబ్ రంగు ఊడదు

రేపల్లెలో బుడే సాహెబ్‌కి నమ్మకం ఉన్నది ఒక్కదాని మీదే, తన కుంచె మీద. మిగతా లోకమంతా అనుమానమే. పాలవాడు పాలు పోస్తుంటే ధార పలచబడిందేమోనని వంగి మరీ చూస్తాడు. రంగుల కొట్టువాడు డబ్బా మూత తీస్తే ముందు వాసన పీల్చి, "ఇందులో కిరసనాయిలు కలిసింది" అంటాడు. సీలు కూడా తియ్యని డబ్బా అండి బాబూ అని కొట్టువాడు మొత్తుకుంటే, "సీలు వేసేవాడూ మనిషే కదయ్యా" అంటాడు. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతమే ఈయనకి ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది. అనుమానం మనిషి కాబట్టే చెక్కని రెండుసార్లు రుద్ది, మూడు పూతలు వేసేవాడు. నిజాంపట్నం రేవులో పడవలకి ఆయన వేసిన నీలం ఉప్పునీళ్ళలో నానినా, ఎండకి మాడినా చెక్కుచెదిరేది కాదు. "బుడే సాహెబ్ రంగు ఊడదు" అని రేవంతా చెప్పుకునేది. ఆయన కూడా చెప్పుకునేవాడు, కాస్త గట్టిగానే. ఊడిందన్నవాడు మొత్తం మీద ఒక్కడే ఒక్కడు. వాడి సంగతి ముందు ముందు వస్తుంది.

తర్వాత ఫైబర్ పడవలొచ్చాయి. వాటికి రంగులు తయారైన చోటే వేసేస్తారు. పోనీ కొట్ల బోర్డులు రాసుకుందామంటే ఫ్లెక్సీలొచ్చాయి. చోద్యం ఏంటంటే, రేపల్లెలో ఆ ఫ్లెక్సీల షాపు పెట్టింది కన్నకొడుకు ఆరిఫే! ముసలాయన కుంచెలన్నీ కడిగి, గుడ్డలో చుట్టి అటక మీద పడేశాడు. పని పోయింది, పేరు మిగిలింది. అరవై ఆరేళ్ళ వయసులో ఆయనకున్న ఆస్తి ఆ పేరే. దాని మీద ఈగ వాలినా ఊరుకోడు.

అలాంటి మనిషి గుమ్మంలోకి ఒకరోజు భవాని వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. భుజాన గోనెసంచి, సంచి నిండా ఖాళీ గాజు సీసాలు. కాఫీపొడివి, పచ్చళ్ళవి, తేనెవి. తెనాలి నుంచి రైల్లో వచ్చానని చెప్పింది.

"బాబాయ్ గారూ, వీటికి రంగు వేసిపెట్టాలండి. వేశాక మళ్ళీ అక్కడక్కడా ఊడగొట్టాలండి."

బుడే సాహెబ్ చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "ఏంటి?"

"పాతకాలం సామాన్లలా కనపడాలండి. ఇప్పుడు ఇళ్ళల్లో అలాంటివే పెట్టుకుంటున్నారు. పూలు పెట్టుకుంటారు, లోపల చిన్న లైట్లు పెట్టుకుంటారు."

"నా గుమ్మంలోకొచ్చి నా రంగే ఊడగొట్టమంటావా? నిన్నెవరు పంపారు అమ్మాయ్?"

"ఎవరూ పంపలేదండి" అని ఆమె గబగబా ఫోను తీసి ఒక ఫొటో చూపించింది. దగ్గరగా తీసిన ఫొటో. నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి, కింద చెక్క కనపడుతోంది. "సరిగ్గా ఇలా రావాలండి. ఈ నీలమే కావాలండి."

ఆయనకి ఒళ్ళు మండింది. ఆ నీలం తనది. నీలంలో చిటికెడు దీపపు మసి, అంతకంటే తక్కువ పసుపు కలిపితేనే వస్తుంది. ఆ పాళ్ళు కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. "నా నీలం నీకెక్కడ దొరికింది?" అన్నాడు.

"ఎక్కడో తీసిందండి" అంది భవాని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సరిగ్గానే ఉన్న కొంగుని మళ్ళీ సర్దుకుంది.

"పాపం, పని ఒప్పుకోండి. అబద్ధాలాడే మొహంలా లేదు" అంది భార్య జమీలా వంటింట్లోంచి.

"అబద్ధాలాడేవాళ్ళ మొహాలన్నీ అలాగే ఉంటాయి" అన్నాడాయన. అన్నాడు గానీ, చెయ్యి మాత్రం సంచిని లోపలికి లాక్కుంది. చింత చచ్చినా పులుపు చావదు కదా! ఆ సాయంత్రమే అటక మీది కుంచెలు కిందికి దిగాయి.

మొదటి విడత సీసాలు పాడైపోయాయి. పాడవడం అంటే, రంగు బ్రహ్మాండంగా అతుక్కుంది. సీసాని కడిగి, ఆరబెట్టి, గరుకు తేలేదాకా రుద్ది, పద్ధతిగా వేశాడు మరి. భవాని ఉప్పు కాగితం పెట్టి అరగంట రుద్దినా రంగు ఊడదే! "ఇలాగైతే ఎలాగండి?" అని ఆమె దిగాలుపడితే, ఈయన మీసాల్లో నవ్వుకున్నాడు. చివరికి ఆమే ఫోనులో చూసి నేర్పించింది. ముందు ముదురు గోధుమరంగు పూత వేయాలి. ఆరాక సీసా అంచుల మీదా, మూత దగ్గరా కొవ్వొత్తి రుద్దాలి. దాని మీద నీలం వేయాలి. అది ఆరాక మొండి చాకుతో కదిపితే, మైనం ఉన్నచోటల్లా రంగు పెచ్చులుగా లేచిపోతుంది.

మూడు నెలల్లో ఆ విద్య కూడా వంటబట్టింది. ఉప్పు కాగితంతో రుద్దితే ఊడిన చోట అంచు సన్నగా అరిగి ఉంటుంది, అడుగున గీతలు పడతాయి. మైనం మీద లేచిన రంగైతే అంచు విరిగిన అప్పడంలా పదునుగా ఉంటుంది, అడుగున ఒక్క గీత కూడా పడదు. కళ్ళు మూసుకుని వేలితో తడిమి ఏది ఏదో చెప్పగలిగేవాడు.

"అంతే కదమ్మా. జిడ్డు మీద రంగు నిలవదు" అన్నాడొకసారి.

భవాని చేతిలో సీసా పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూసింది. "అవునండి బాబాయ్ గారూ. జిడ్డు మీద నిలవదండి" అంది. ఆ చూపు ఆయనకేం నచ్చలేదు.

ఆ రాత్రి నుంచీ కొత్త అనుమానం పట్టుకుంది. ఈ పిల్ల సీసాలు అమ్ముకోవడం లేదేమో! తనంటే గిట్టనివాడెవడో ఇవన్నీ పోగేయిస్తున్నాడేమో! రేపు వీటిని తీసుకెళ్ళి రేవులో వరసగా పెట్టి, 'ఊడదు ఊడదు అన్నారు, చూడండ్రా' అంటే? పెరట్లో కూర్చుని ఆలోచించి ఆలోచించి, చిన్న కుంచె తీసుకుని ప్రతి సీసా అడుగునా నల్లరంగుతో రాయడం మొదలెట్టాడు: "ఇది కావాలని గీకినది. బు.సా."

"సీసా అడుగు ఎవరు చూస్తారు?" అంది జమీలా.

"కోర్టులో చూస్తారు."

"పచ్చకామెర్లొచ్చినవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందంట" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

అసలు దొంగతనం గోనెసంచి దగ్గర దొరికింది. ఒకరోజు సీసాలు తీసి సంచి దులిపితే అడుగు నుంచి ఇసుక రాలింది. వేళ్ళ మధ్య నలిపి చూశాడు. కాలవ ఇసుక కాదు, సముద్రపు ఇసుక. అందులో చిన్న గవ్వ ముక్క కూడా ఉంది. తెనాలిలో సముద్రం ఎక్కడుంది?

"మీ పుట్టిల్లెక్కడమ్మా?" అని అడిగాడు, ఏమీ తెలియనట్టు.

"ఇటుపక్కేనండి" అంది భవాని, సీసాలు సంచిలో సర్దుకుంటూ.

ఇటుపక్కంటే ఎటుపక్క? ఆమె స్టేషన్‌కి బయలుదేరిన పది నిమిషాలకి ఈయన చొక్కా తొడుక్కుని వెనకే పోయాడు. వేరే పెట్టెలో ఎక్కాడు. తెనాలిలో దిగి ఊళ్ళోకి వెళ్తుందనుకుంటే, వెళ్ళలేదు! ప్లాట్‌ఫారం మారి బాపట్ల వైపు వెళ్ళే బండి ఎక్కింది. 'దొరికావమ్మాయ్' అనుకుని ఈయనా ఎక్కాడు. బాపట్లలో ఆమె సూర్యలంక వెళ్ళే ఆటో ఎక్కితే, వెనక ఆటోలో ఈయన.

సముద్రానికి కాస్త ఇవతల, రోడ్డు పక్కన ఒక రేకుల వసారా. బల్లల మీద తన సీసాలు, ఎండలో నీలంగా. బుడే సాహెబ్ ఆటో దిగి రెండడుగులు వేసి ఆగిపోయాడు. వెనక గోడకి మూరెడు వెడల్పు పడవ పలక ఒకటి మేకులతో కొట్టి ఉంది. పెచ్చులు లేచిన నీలం. ఫొటోలోది అదే. పలక కింద ప్లాస్టిక్ కుర్చీలో ముసలివాడొకడు కూర్చుని గుడ్డతో సీసాలు తుడుస్తున్నాడు. తల నెరిసింది, ఒళ్ళు వడలింది. అయినా పోల్చుకున్నాడు. నాంచారయ్య. రంగు ఊడిందన్న ఆ ఒక్కడు.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. వేట నిషేధం ముగిసే రోజులు, రంగుకి పదకొండు పడవలు వరసలో ఉన్నాయి. వాటిలో నాంచారయ్య పడవ ఒకటి. రెండు నెలలు తిరక్కుండా అతను రేవులో యేసుదాసు టీకొట్టు దగ్గరికొచ్చి, "సాయిబూ, రంగు లేచిపోతోంది, ఒకసారొచ్చి చూడు" అన్నాడు, మెల్లగానే. బుడే సాహెబ్ వెళ్ళి చూడలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "నా రంగు ఊడదు! నువ్వే గీకావు. నా పేరు చెడగొట్టమని ఎవడో నీ చేత గీకించాడు" అని పదిమందిలో కేకలేశాడు. రేవు నవ్వింది. ఆ సాయంత్రం నుంచి అతను 'గీకుడు నాంచారయ్య' అయ్యాడు. అతను నడిచొస్తుంటే కుర్రాళ్ళు గోళ్ళతో చెక్కలు గీకేవారు. ఏడాది తిరిగేసరికి పడవ అమ్మేసి, పెళ్ళాం బిడ్డలతో రేవు విడిచిపోయాడు. తప్పు చేసినవాడు కాబట్టే పారిపోయాడని బుడే సాహెబ్ ఇన్నాళ్ళూ నమ్మాడు.

ఇప్పుడు ఆయన నాంచారయ్య దగ్గరికి పోలేదు, నేరుగా పలక దగ్గరికి పోయాడు. గీతలు కనపడితే వేలు పెట్టి చూపించాలని కళ్ళజోడు సవరించుకున్నాడు. మూడు నెలల కిందటైతే తనకి కావలసిందే కనపడేదేమో. ఇప్పుడా కళ్ళు వేరు. అంచులు విరిగిన అప్పడంలా ఉన్నాయి. చెక్క మీద ఒక్క గీత లేదు. గోటితో కదిపితే ఒక పెచ్చు లేచి అరచేతిలో పడింది. తిప్పి చూశాడు. వెనక పసుపుపచ్చగా నూనె మరక.

ఆయనకి తన బొటనవేలు గుర్తొచ్చింది. రంగు వేసే రోజు ఈ పలకని తడిమినప్పుడు వేలు జారింది. చెక్కకి పట్టించిన చేపనూనె ఇంకా ఆరలేదని ఆ వేలికి తెలిసింది. ఇంకా పది పడవలు ఎదురుచూస్తున్నాయి. వేలు లుంగీకి తుడుచుకుని కుంచె ముంచాడు. లోకంలో అందర్నీ అనుమానించిన మనిషి, ఆ వేలిని మాత్రం ఒక్కసారీ నిలదీయలేదు.

"వచ్చావా సాయిబూ" అన్నాడు వెనక నుంచి నాంచారయ్య. మంచినీళ్ళు తెచ్చిన భవాని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ అమ్మాయి..."

"నా కూతురు. ఆ పలక చూస్తూ పెరిగింది. నీకు చూపిద్దామని పడవ అమ్మేముందు విప్పి దాచుకున్నా. నువ్వు చూడలేదు, ఇది చూసింది. దీనికది అందంగా కనపడిందంట."

"మరి నా దగ్గరికెందుకు పంపావు?"

"ఆ నీలం నీకొక్కడికే వచ్చు. నా పేరు చెప్తే పని ఒప్పుకోవని, చెప్పొద్దన్నా."

నాంచారయ్య చేతిలో సీసాని తలకిందులు చేసి, అడుగున రాసింది కూడబలుక్కుని చదివాడు. "ఇది... కావాలని... గీకినది." తర్వాత తల ఎత్తాడు. "సీసాల మీద ఇప్పుడు రాస్తన్నావు సాయిబూ. నా మీద అప్పుడే రాశావు కదా."

"బళ్ళో నన్ను గీకుడోళ్ళ పిల్ల అనేవాళ్ళండి బాబాయ్ గారూ" అంది భవాని. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

బుడే సాహెబ్ పెచ్చుని గుప్పిట్లో మూసుకున్నాడు. "నువ్వు గీకలేదు నాంచారయ్యా."

"నాకు తెలుసు. నాకు చెప్తే ఏం లాభం? గీకానన్న మాట నువ్వు నా చెవిలో అన్నావా ఆ రోజు?"

మర్నాడు పొద్దున్నే బుడే సాహెబ్ నిజాంపట్నం బస్సెక్కాడు. రేవులో అన్నీ ఫైబర్ పడవలే. ఆ నాటి మనుషుల్లో సగం మంది లేరు. యేసుదాసు ఉన్నాడు, అదే టీకొట్టు, అదే బల్ల. పదిమంది దాకా కూర్చుని టీ తాగుతున్నారు. జేబులోంచి కాగితం పొట్లం తీసి, విప్పి, నీలం పెచ్చుని బల్ల మీద పెట్టాడు. బతుకులో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"యేసుదాసూ, నా రంగు ఊడింది."

"ఏ పడవకి సాయిబు గారూ? ఇప్పుడు మీరు రంగులెక్కడ వేస్తన్నారు?"

"అప్పుడే ఊడింది. నాంచారయ్య పడవకి."

యేసుదాసు టీ వడపోస్తూ ఆలోచించాడు. "ఎవరూ, గీకుడు నాంచారయ్యా?"

"గీకలేదు. ఎవడూ గీకలేదు. తడి నూనె మీద నేను రంగేశాను, తెలిసే వేశాను. అది ఊడింది. అబద్ధమాడింది నేను. ఇంకెప్పుడూ అతన్నలా అనకండి. నాంచారయ్య అను."

బల్ల మీద అందరూ టీ తాగడం ఆపి ఆయన్నే చూస్తున్నారు. యేసుదాసు గిన్నె కింద పెట్టాడు.

"నాంచారయ్య" అన్నాడు.

"కాస్త గట్టిగా" అన్నాడు బుడే సాహెబ్.