పీచు వచ్చిన వారం

కరోనా భయం తగ్గి జనం మళ్ళీ తిరునాళ్ళకు తిరగడం మొదలుపెట్టిన ఏడాది అది. కొమరోలు మండలంలోని ఒక ఊళ్ళో నేను వ్యవసాయ సహాయకురాలిగా పనిచేస్తున్నాను. అక్కడ వాన మీద కంది, ఉలవ వేస్తారు. బోరున్న వాళ్ళు కాస్త మిరప, కాస్త మొక్కజొన్న వేసుకుంటారు. నా ఉద్యోగమంతా ఆ ‘కాస్త’ చుట్టూనే తిరిగేది.

ఆ కార్తీకంలో నాగరత్నమ్మ అనే రైతు నా దగ్గరకు వచ్చింది. భర్త చిన్న గురవయ్య గొర్రెల వెంట కొండవార తిరుగుతుంటే, ఉన్న చేను ఆమే చూసుకునేది.

“పోయినేడు పచ్చికంకుల కోసరం మొక్కజొన్న వేసినాం మేడమ్. చెట్టు నా తలకంటే ఎత్తు లేసింది. కంకి ఒలిస్తే మటుకు ముసలోళ్ళ నోరే! గింజ ఆడొకటి, ఈడొకటి. ఘాట్ రోడ్డులో కంకులు కాల్చేటోళ్ళు చూసి, నవ్వి పోయినారు. ఆ నవ్వు నాకింకా కడుపులోనే ఉంది.”

“పీచు వచ్చేటప్పుడు నీళ్ళు పెట్టినారా అక్కా?” అని అడిగాను.

“అప్పుడా? చెట్టు బాగా లేసింది కదా అని నీళ్ళు శెనక్కాయలకు తిప్పినాం.”

రోగం అక్కడే తెలిసిపోయింది. మొక్కజొన్నకు తలమీద వచ్చే మగపూతను మేము టాసెల్ అంటాం. కంకి కొసన మెత్తగా వేలాడే పీచు సిల్క్. పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకు దారి. పైనుంచి రాలిన పుప్పొడి ఆ పోగు మీద పడితేనే కింద గింజ కడుతుంది. ఆ రోజుల్లో మొక్క దప్పికతో ఉంటే పీచు ఆలస్యంగా వస్తుంది, వచ్చినా వాడిపోతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా ఆ గింజ రాదు. ఇదంతా నాగరత్నమ్మకు విడమరిచి చెప్పాను.

“అయితే చెట్టును చూసి మురిసిపోయి, కంకిని ఎండగట్టినామన్నమాట. ఈసారి శివరాత్రికి కంకి రావాల మేడమ్. మహానందికి పోయే జనమంతా ఘాట్ రోడ్డు మీదనే పోతారు. నువ్వు ఎట్ల చెబితే అట్ల చేస్తా” అంది.

మర్నాడు వాళ్ళ చేనికి వెళ్ళాను. బోరు పైపు నుంచి వచ్చే నీటిధార చూశాక, చేనంతా మొక్కజొన్న వేయవద్దని, బోరు తడపగలిగిన సగంలోనే వేయమని చెప్పాను. మిగతా సగంలో ఉలవలు చల్లుకోమన్నాను. పోయినేడు వాళ్ళు కాలవ వెంబడి పొడుగ్గా రెండు మూడు సాళ్ళే వేశారు. గాలికి పుప్పొడి పక్కకు కొట్టుకుపోయి ఉంటుంది. ఈసారి నలుచదరంగా, ఒకే మడిలాగా వేయమన్నాను. అప్పుడే మందకు వెళ్ళబోతున్న చిన్న గురవయ్య ఆగి విన్నాడు.

“కంకులు ఎక్కువ రావాలంటే చేను సగానికి తగ్గించమంటావేందమ్మా?”

“సగం చేనులో నిండు కంకులు కావాలా అన్నా, చేనంతా బోసి కంకులు కావాలా?”

అతను నవ్వి, భార్య వైపు చూసి, “నీ ఇష్టం” అని వెళ్ళిపోయాడు.

విత్తనం బాగా మొలిచింది. జానెడుకు ఒక మొక్క ఉంచి, ఒత్తుగా ఉన్నవి పీకేయాలి. ఒత్తు మొక్కలుంటే కంకి సన్నబడుతుంది. ఆ పనికి నాగరత్నమ్మ తయారే గానీ, చిన్న గురవయ్య ప్రాణం ఒప్పుకోలేదు. “పచ్చగా లేస్తుండే దాన్ని పీకాలంటే చేతులెట్ల వస్తాయి?” అంటూనే, పీకిన మొక్కలు పోగుచేసి గొర్రెపిల్లలకు మోసుకుపోయాడు. యూరియా కూడా ఒక్కసారే కుమ్మరించకుండా విత్తేటప్పుడు కొంత, మోకాలెత్తున కొంత, పూతకు ముందు మిగిలింది వేయించాను.

మోకాలెత్తు దాటగానే కత్తెర పురుగు వచ్చింది. ఆకులు జల్లెడయ్యాయి. మొవ్వులో, అంటే లేత ఆకులు చుట్టుకుని ఉండే సుడిలో, రంపపు పొట్టు లాంటి రెట్ట కనిపించింది. చిన్న గురవయ్య కర్ర భుజాన వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు.

“ఇంక ఇది కంకి కాసేది లేదు. గొర్రెల్ని తోలేస్తా. వాటి కడుపన్నా నిండుతుంది.”

నాగరత్నమ్మ దారికి అడ్డంగా నిలబడింది. “ముందు ఆ మేడమ్ ఏమంటదో విను. నీ మంద యాడికీ పోదు.”

పొడి ఇసుకలో కాస్త సున్నం కలిపి ప్రతి మొవ్వులో చిటికెడు వేయమన్నాను. పురుగు చిన్నగా ఉన్నప్పుడు అది బాగా పనిచేస్తుంది. పచ్చికంకి మనుషులు నేరుగా తినేది కాబట్టి ఘాటు మందులు కొట్టకుండానే గట్టెక్కాలని నా పట్టుదల. చేతులకు గుడ్డలు చుట్టుకుని నాగరత్నమ్మ, ఆమెతో కూలికి వచ్చే నలుగురు ఆడవాళ్ళు, నేను సాలు సాలూ నడిచాం. ఆకుల అడుగున గుడ్ల కుప్పలు దొరికితే నలిపేశాం. తర్వాత వేపనూనె పిచికారీ చేయించాను. వారం గడిచేసరికి మొవ్వులోంచి కొత్త ఆకు చిల్లుల్లేకుండా వచ్చింది. చిన్న గురవయ్య ఆ ఆకును వేళ్ళతో తడిమి చూశాడు. మందను తోలే మాట మళ్ళీ ఎత్తలేదు.

చేను తలలెత్తింది. టాసెల్ వచ్చింది, వెంటనే లేత పీచు కనిపించింది. సరిగ్గా అప్పుడే మోటారు కాలిపోయింది.

విప్పి గిద్దలూరుకు తీసుకెళితే, చేతినిండా పనులున్నాయని, వారం ఆగాలని మెకానిక్ చెప్పాడట. ఆ సాయంత్రం నాగరత్నమ్మ నా ముందుకొచ్చి కూలబడింది. “మళ్ళా అదే కాలం మేడమ్. మళ్ళా అప్పుడే.”

చుట్టుపక్కల పారే బోరు ఒక్కటే ఉంది. పక్క చేనిది. అది చిన్న గురవయ్య అన్న పెద్ద గురవయ్యది. తమ్ముడి గొర్రెలు అన్న మిరపనారు మేసిన నాటి నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. ఆ సంగతి ఊరంతా ఎరిగిందే. నేను వెళ్ళి అడగనా అన్నాను.

“వద్దు. నువ్వడిగితే ఆఫీసు మాట అవుతుంది. నేనడిగితే ఇంటి మాట అవుతుంది. కానీ తోడు రా.”

పెద్ద గురవయ్య తన మిరపచేలో నీళ్ళు మలుపుతున్నాడు. నాగరత్నమ్మ గట్టు దిగకుండానే కొంగు భుజం నిండా కప్పుకుని నిలబడింది.

“బావా, మీ నారు మేసింది మా గొర్రెలే. ఆ పొద్దు ఆయన వచ్చి చెప్పాల్సింది, చెప్పలేదు. నేనూ రాలేదు. తప్పు మాదే. ఇప్పుడు నా చేను పీచు మీదుంది. నీళ్ళియ్యి అని అడగడానికి వచ్చినా.”

ఆయన పారతో మడవ కట్టాడు. తలెత్తలేదు. చేతులు కడుక్కుని, మమ్మల్ని దాటుకుని తమ్ముడి చేలోకి నడిచాడు. వెనకే వెళ్ళాం. ఒక మొక్కను పట్టి మెల్లగా ఊపితే పసుపుపచ్చని పుప్పొడి ఆయన చొక్కా మీద రాలింది. సాలు చివరిదాకా నడిచి, తిరిగొచ్చాడు.

“ఇంత చేను ఎవరు పెంచినారమ్మే?”

“నేనే బావా. ఈ మేడమ్ చెబుతుంటే చేసినా.”

“మీ ఆయన?”

“ఇప్పుడు మందతో కొండకు పోయినాడు. కానీ ఆయనా చేసినాడు.”

“సరే. పైపులు నా దగ్గర ఉన్నాయి. వాడు రాగానే మోసుకోమని చెప్పు. పొద్దున కరెంటు రాగానే ముందు నీ చేనికే. నా మిరప ఒక పూట ఆగుతుంది.” తన చేను వైపు మళ్ళుతూ అన్నాడు, “నీళ్ళు అడగడానికైనా వచ్చినావు. అంతే చాలు.”

తెల్లారాక వెళ్ళేసరికి అన్నదమ్ములిద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని పైపు అతుకుకు ట్యూబు ముక్క చుడుతున్నారు. గొర్రెల మాట గానీ, నారు మాట గానీ ఎత్తడం లేదు. “గట్టిగా లాగరా”, “లాగినా గదన్నా” అన్నవే మాటలు. నీళ్ళు అందరికీ చాలాలని సాలు విడిచి సాలు తడపమన్నాను. తేమ పక్క సాలుకూ పాకుతుంది. మోటారు బాగై వచ్చేదాకా ముందు తమ్ముడి చేనికే నీళ్ళన్న మాట పెద్ద గురవయ్య రోజూ నిలబెట్టుకున్నాడు.

శివరాత్రి దగ్గరపడేసరికి పీచు గోధుమరంగుకు మారి ఎండింది. మేము మిల్కీ స్టేజ్ అనే పాలగింజ దశ అది. కంకి పైపొర కొంచెం తీసి గోటితో గింజ గిల్లితే తెల్లటి పాలు చిందాలి. నాగరత్నమ్మ గిల్లింది. చిందిన పాలు ఆమె బుగ్గ మీద పడ్డాయి. తుడుచుకోకుండానే కంకి మొత్తం ఒలిచింది. మొదలు నుంచి కొసదాకా వరస తప్పని గింజ. ఆమె నవ్వుతూనే ఏడ్చింది.

శివరాత్రి ముందురోజు దిగువమెట్ట దాటాక, ఘాట్ రోడ్డు పక్కన వాళ్ళు కంకులమ్మడానికి వేసుకున్న కొట్టం వెతుక్కుంటూ వెళ్ళాను. నాగరత్నమ్మ నిప్పుల మీద కంకులు కాలుస్తోంది. పక్కన పెద్ద గురవయ్య భార్య డేగిసాలో ఉడకబెడుతోంది. కారు దిగిన ఒకాయన కంకుల్ని ఒక్కొక్కటే ఒలిచి చూస్తుంటే నాగరత్నమ్మ విసనకర్ర ఆపింది.

“ఒలిచి చూసే పన్లేదు సార్. కళ్ళు మూసుకుని తీసుకో. ఏది తీసినా నిండే ఉంటది.”

ఆ మాట విన్నప్పుడు కలిగిన గర్వం నాకు ఏ ప్రశంసాపత్రం వల్లా కలగలేదు. అమ్మకం అయ్యాక చిన్న గురవయ్య పచ్చిచొప్ప కోసి, తన మందకు సగం, అన్న బర్రెలకు సగం పంచాడు.

ఇప్పుడు నేను వేరే మండలంలో పనిచేస్తున్నాను. పచ్చికంకులు వేస్తామంటూ రైతులు వస్తూనే ఉంటారు. సాళ్ళ దూరం, యూరియా దఫాలు, పురుగు సంగతి అన్నీ చెబుతాను. కానీ అన్నిటికంటే ముందు ఒకటి అడుగుతాను: “పీచు వచ్చిన వారంలో మీ మోటారు ఆగిపోతే ఎవరి బోరు నుంచి నీళ్ళొస్తాయి?” కొందరు వెంటనే ఒక పేరు చెబుతారు. వాళ్ళ చేను గురించి నాకు దిగులుండదు. కొందరు తలవంచుకుని ఊరుకుంటారు. వాళ్ళకు మాత్రం విత్తనం కొనేముందు పక్కచేను దాకా ఒకసారి నడిచి రమ్మని చెబుతాను.